ముద్ర లేని కాటా

ఇద్దరిలో పెద్దాయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. విజయవాడ వన్ టౌన్ బంగారు కొట్ల త్రాసుల నుంచి ఆటోనగర్ లారీ కాటాల దాకా ఆయన చేతి ముద్ర పడినవే. రెండో మనిషి ఆయన మేనకోడలు. హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలో, మందుగా వాడే భారీ అణువుల ద్రవ్యరాశి కొలిచే ల్యాబులో ఉద్యోగం. భోగి మర్నాడు పటమటలో ఆయన ఇంటి వరండాలో ఈ వాదం జరిగింది. పక్కింటివాణ్ణి కాబట్టి వినే హక్కు నాకుంది. మధ్యలో తీర్పులు చెప్పే హక్కు ఎవరూ ఇవ్వలేదు, అయినా చెప్పాను. అమ్మాయి ఫోనులో కానూరు కేంద్రం పీఎం 2.5 అంకె చూసి పైకి చదవడంతో మొదలైంది.

మామయ్య: ఘనమీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాముల దుమ్ము అంటున్నావు. ఎవడు తూచాడే? మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. కాళేశ్వరరావు మార్కెట్లో కందిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటాకే ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. గాలి తూచే కాటాకి ముద్ర ఎవరేశారు?

అమ్మాయి: దుమ్మును నిజంగానే తూస్తారు మామయ్యా. నిమిషానికి 16.7 లీటర్ల గాలి లాగే పంపు ఉంటుంది. రోజంతా నడిపితే 24 ఘనమీటర్లు. ఆ గాలంతా 47 మిల్లీమీటర్ల ఫిల్టరు గుండా పోతుంది. ఫిల్టరును ముందోసారి, తర్వాతోసారి మైక్రోగ్రాము దాకా చూపించే త్రాసులో పెడతారు. తేడాయే దుమ్ము. కేంద్రం 2009లో పెట్టిన రోజు పరిమితి ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. సరిగ్గా అంతే ఉందనుకోండి, ఫిల్టరు మీద పడేది 1.44 మిల్లీగ్రాములు.

మామయ్య: మిల్లీగ్రాము అంటే మన బంగారం కాటాకి అందేదే. సరే, తూచారు. తేమ సంగతేంటి? ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే బస్తా వెనక్కి పంపిస్తారు. తెల్లారుజామున మంచులో తూచినదీ, మిట్టమధ్యాహ్నం కళ్లంలో తూచినదీ ఒకటే ధాన్యమైనా ఒకటే తూకం కాదు. మీ దుమ్ముకి తేమ పట్టదా?

అమ్మాయి: పడుతుంది. సల్ఫేటు కణాలు నీళ్లు పీలుస్తాయి. అందుకే తూచే ముందు ఫిల్టరును 24 గంటలు ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో ఉంచుతారు.

మామయ్య: ఆ 24 గంటల్లో ఆరిపోయేవి, ఎగిరిపోయేవి?

అమ్మాయి: ఉన్నాయి. అమ్మోనియం నైట్రేటు కొంత ఆవిరైపోతుంది.

మామయ్య: అంటే గాలిలో ఉన్నది ఒకటి, గదిలో మిగిలింది ఒకటి. మీరు తూచింది మిగిలినదాన్ని.

అమ్మాయి: ఆ సంగతి దాచరు. ఏ వేడిలో, ఏ తేమలో తూచామో రాస్తారు. అసలు ఇంకో ఇబ్బంది ఉంది, మీకు నేనే చెబుతాను. 2.5 అనేది కణం వెడల్పే కాదు. అది గాలిలో ఎలా పడుతుందో దాన్నిబట్టి పెట్టిన అంకె. నీటి సాంద్రత ఉన్న 2.5 మైక్రాన్ల ఉండ ఎంత వేగంగా కిందికి దిగుతుందో, అంతే వేగంగా దిగే దేన్నైనా 2.5 అంటారు. ఇబ్రహీంపట్నం లాంటి చోట బొగ్గు కాల్చినప్పుడు వచ్చే బూడిదలో బోలు ఉండలుంటాయి, నీళ్లమీద తేలేవి. సాంద్రత నీటిలో నాలుగు పదో వంతులున్న ఉండ 4 మైక్రాన్లున్నా ఈ లెక్కలో 2.5 కిందే వస్తుంది.

మామయ్య: బాగుందే! సైజు అడిగితే తూకం చెబుతారు, తూకం అడిగితే సైజు చెబుతారు.

ఈ విడత మామయ్యదే అనిపించింది నాకు. ఆ మాటే అన్నాను. అమ్మాయి నావైపు చూసి, అసలు విషయంలోకి ఇంకా రాలేదంది.

అమ్మాయి: ఫోనులో కనబడే అంకె ఫిల్టరు తూచి చెప్పింది కాదు మామయ్యా. తూచడానికి రోజులు పడుతుంది కదా. గంట గంటకీ చెప్పేందుకు వేరే పద్ధతులున్నాయి. ఎక్కువగా వాడేది బీటా కిరణాలది. దుమ్ము పడిన టేపుకి ఇటుపక్క కార్బన్-14 ముక్క, అటుపక్క కిరణాలు లెక్కబెట్టే పరికరం. దుమ్ము ఎంత ఎక్కువ పేరుకుంటే అంత తక్కువ కిరణాలు దాటతాయి.

మామయ్య: అది తూకం కాదు, నీడ కొలవడం.

అమ్మాయి: మరి ఆటోనగర్లో లారీ కాటా? ప్లాట్‌ఫారం కింద ఉక్కు దిమ్మలుంటాయి. లారీ ఎక్కితే అవి వెంట్రుకలో ఎన్నోవంతు కుంగుతాయి. వాటికి అతికించిన తీగ సాగుతుంది. తీగ నిరోధం మారుతుంది. ఆ మార్పును అంకెగా చూపిస్తారు. అవతలి పళ్లెంలో రాయేదీ? మీరు ముద్ర వేసింది వంగిన ఉక్కుకి.

మామయ్య: కాదు. ముద్ర వేసే ముందు ప్రామాణిక బరువులు తెప్పించి దానిమీద పేర్పించాను. తెలిసిన బరువు పెట్టినప్పుడు తెలిసిన అంకె చూపించాలి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా. నాలుగు మూలలా పెట్టినా అదే అంకె. ఇవన్నీ కుదిరాకే సీలు. ఉక్కు వంగనీ, తీగ సాగనీ, నాకు పట్టింపు లేదు. తెలిసిన రాయి ఏదీ అన్నదే నా ప్రశ్న. మీ అణువులకి రాయి ఉందా?

అమ్మాయి: సరిగ్గా అడగాల్సిందే అడిగారు. బీటా యంత్రానికైతే తెలిసిన మందం ఉన్న పొర ఒకటి అడ్డంపెట్టి సరిచూస్తారు. అణువుల దగ్గర కథ పెద్దది. హెపటైటిస్-బి టీకా తీసుకోండి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు హైదరాబాదులో తెచ్చారే, దేశంలో జన్యు ఇంజనీరింగుతో తయారైన మొదటి టీకా. అందులో పనిచేసేది ఒక్కో కణం 22 నానోమీటర్లు. వందకు అటూఇటూ ప్రోటీన్ ముక్కలు, కొంత కొవ్వు కలిసి ఉండకట్టిన కణం అది. బరువు ముప్పై లక్షల డాల్టన్లకు అటూఇటూ. కార్బన్-12 పరమాణువులో పన్నెండో వంతే డాల్టన్. గ్రాముల్లో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 23 సున్నాలు పెట్టి అప్పుడు 166 రాయాలి. పెద్దవాళ్ల డోసు 20 మైక్రోగ్రాములు. అందులో ఆ కణాలు నాలుగైదు లక్షల కోట్లు.

మామయ్య: ఇంకేం, బస్తా తూచి, గింజలు లెక్కబెట్టి భాగించుకో. గింజ బరువు వచ్చేస్తుంది. ఒక్కొక్క గింజనీ తూస్తానంటావేం?

అమ్మాయి: మొదట చేసింది అదే. పారిస్‌లో పెరాన్ సన్నటి బంక ఉండల్ని నీళ్లలో కలిపి, మైక్రోస్కోపులో ఏ ఎత్తులో ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టాడు. గురుత్వం కిందికి లాగుతుంటే నీటి అణువుల తాకిడి పైకి చెదరగొడుతుంది. ఆ రెంటి సర్దుబాటు నుంచి అణువుల సంఖ్య తేల్చాడు. స్వీడన్‌లో స్వెడ్‌బెర్గ్ ప్రోటీన్లని మహావేగంగా తిరిగే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, అవి ఎంత త్వరగా గొట్టం అంచుకి దిగుతాయో చూసి బరువు లెక్కకట్టాడు. ఇద్దరికీ నోబెల్ ఒకే ఏడు, 1926లో. ఒకరికి భౌతికశాస్త్రం, ఒకరికి రసాయనశాస్త్రం.

మామయ్య: మరి తేలిపోయిందిగా.

అమ్మాయి: ఆ రోజుల్లో పెద్ద అణువులనేవే లేవని వాదించిన రసాయనవేత్తలు బోలెడుమంది. చిన్నవే ముద్దగా అంటుకుని పెద్దవిగా కనిపిస్తున్నాయని వాళ్ల నమ్మకం. రబ్బరు, సెల్యులోజ్ ఒకే పొడుగాటి అణువులని స్టౌడింగర్ 1920 నుంచి చెబుతూనే ఉన్నాడు, ఆయనకి నోబెల్ 1953లో గాని రాలేదు. స్వెడ్‌బెర్గ్ యంత్రంలో హిమోగ్లోబిన్ అంతా ఒకే గీతగా, కలిసికట్టుగా దిగింది. ముద్దలైతే చిన్నాపెద్దా చెదిరిపోవాలిగా. తూకం వల్ల ఒక పదార్థం ఉందని రుజువైంది.

మామయ్య: సగటు తూకం వల్ల. ఆ మాట మరిచిపోకు. నేను సగటు పార్టీ. వ్యాపారం నడిచేదే సగటు మీద.

అమ్మాయి: సగటు ఎక్కడ మోసం చేస్తుందో చెబుతా వినండి. జన్యుచికిత్సలో ఏఏవీ అనే చిన్న వైరస్‌ని వాడతారు. దాని పెంకులో జబ్బు నయం చేసే జన్యువును కూరి రోగికి ఎక్కిస్తారు. తయారీలో కొన్ని పెంకులు ఖాళీగా మిగిలిపోతాయి. ఖాళీ పెంకు దాదాపు 37 లక్షల డాల్టన్లు. నిండా కూరితే 50 లక్షలు దాటుతుంది. సగం ఖాళీవి, సగం నిండువి ఉన్న సీసా సగటు తీస్తే 44 లక్షలు. సీసాలో ఆ బరువున్న కణం ఒక్కటి కూడా లేదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకే సైజు. మైక్రోస్కోపుకి తేడా పట్టడం కష్టం.

మామయ్య: ఖాళీ బండి బరువు, లోడు బండి బరువు. తేడాయే సరుకు. నాకు నేర్పుతున్నావా?

అమ్మాయి: మీరు ఒక్కొక్క బండినీ కాటా ఎక్కించారా, వంద బండ్లని ఒకేసారి ఎక్కించి వందతో భాగించారా?

మామయ్య కాసేపు ఏమీ అనలేదు. ఈ దెబ్బ గట్టిదే. జీవితమంతా ఒక్కో లారీకి ఒక్కో చీటీ ఇప్పించిన మనిషికి సగటు పార్టీలో ఉండటం కుదరదు.

మామయ్య: సరే, ఒక్కదాన్ని ఎలా ఎక్కిస్తావు? కాటా కంటే అదే చిన్నది.

అమ్మాయి: దానికి విద్యుదావేశం ఎక్కించి ఎగరేయాలి. ఎగిరేదాన్ని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో లాగితే ఎలా వంగుతుందో, ఎంత వేగంగా పోతుందో చూడొచ్చు. 1919లో ఆస్టన్ పరమాణువుల్ని అలాగే తూచాడు. కానీ ప్రోటీన్‌ని ఎగరేయబోతే ముక్కలైపోతుంది. ఆ చిక్కు 1980ల చివర్లో వీడింది. జపాన్‌లో తనాకా అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు పొరపాటున గ్లిజరిన్‌ని కోబాల్టు పొడిలో కలిపేశాడు. పారేయడం ఇష్టంలేక దానిమీదే లేజర్ కొట్టి చూస్తే పెద్ద అణువు ముక్కలవకుండా లేచింది. అమెరికాలో ఫెన్ ఇంకో దారి పట్టాడు. ప్రోటీన్ ద్రావణాన్ని సన్నటి సూదిలోంచి వేల వోల్టుల దగ్గర చిమ్మితే ఆవేశమున్న తుంపర్లు వస్తాయి. తుంపర ఆరిపోయేసరికి ప్రోటీన్ ఒంటరిగా, ఒంటినిండా ప్రోటాన్లు అంటించుకుని మిగులుతుంది. ఇద్దరికీ 2002లో నోబెల్. మాకు రోజూ ఉపయోగపడేది ఫెన్ పద్ధతే.

మామయ్య: ఒంటినిండా అంటే ఎన్ని ప్రోటాన్లు? అది తెలియకపోతే అంకె అర్థం కాదుగా.

అమ్మాయి: అదే. యంత్రం చూపించేది బరువు కాదు, బరువును ఆవేశాల సంఖ్యతో భాగించింది. గుర్రం కండరంలోని మయోగ్లోబిన్‌కి 998.1 దగ్గర ఒక గీత వస్తుంది, దాని పక్కనే 1060.4 దగ్గర ఇంకోటి. పక్కపక్క గీతలకి తేడా ఒక్క ప్రోటానే. ప్రోటాను బరువు దాదాపు ఒకటి. ఇక మీరే లెక్క వేయండి.

మామయ్య: (క్యాలెండరు వెనక పెన్సిలుతో) పెద్ద అంకె దగ్గర ప్రోటాన్లు ఎన్‌ అనుకుందాం. చిన్న అంకె దగ్గర ఎన్‌కి ఒకటి ఎక్కువ. ఒక్కోదాంట్లో ప్రోటాను తీసేస్తే 1059.4, 997.1. తేడా 62.3. 997.1ని 62.3తో భాగిస్తే... పదహారు. 1059.4 పదహార్లు 16,950. ఇదేనా?

అమ్మాయి: అదే. పుస్తకంలో 16,951 అని ఉంటుంది.

మామయ్య: రెండు గీతలతోనే! ఇది మోసంలేని తూకమే. ఒప్పుకుంటా.

అమ్మాయి: శుద్ధమైన ప్రోటీన్ కాబట్టి కుదిరింది. ముప్పై లక్షల డాల్టన్ల కణం దగ్గర కుదరదు. ఒకదానికి నాలుగు చక్కెర గొలుసులుంటాయి, ఇంకోదానికి ఐదు. ఒకటి కాస్త నీళ్లు మోస్తుంది, ఒకటి ఉప్పు మోస్తుంది. వంద రకాల బరువులు, ఒక్కోదానికి వందా నూటయాభై రకాల ఆవేశాలు. గీతలన్నీ కలిసిపోయి గుట్టలా కనిపిస్తుంది. ఏ గీత ఎవరిదో తెలియదు, ఎన్ కట్టడానికి వీలుండదు.

మామయ్య: నీళ్లు మోస్తుందా? మళ్లీ తేమే!

అమ్మాయి: అవును. వైరస్ పెంకుల్ని అలా తూస్తే, ప్రోటీన్ వరసనిబట్టి కట్టిన లెక్కకంటే కాస్త ఎక్కువ తూగుతాయి. లోపల చిక్కుకున్న నీళ్లు, ఉప్పు అందుకు కారణం.

మామయ్య: చూశావా? కృష్ణా డెల్టాలో రైతుకీ, మీ ల్యాబుకీ ఒకటే కష్టం. మీకు 17 శాతం రూలన్నా లేదు.

అమ్మాయి: గుట్ట విడదీసే దారి ఒకటే, ఒక్కో అయాన్నీ, అంటే ఆవేశం ఎక్కిన కణాన్ని, విడిగా పట్టుకుని దాని ఆవేశాన్నీ విడిగా కొలవాలి. 1990ల్లో బెర్క్‌లీలో బెన్నర్ మొదలుపెట్టాడు, ఇండియానా విశ్వవిద్యాలయంలో జారల్డ్ బృందం దాన్ని పదునుపెట్టింది. ఒక లోహపు గొట్టం ఉంటుంది. రెండువైపులా విద్యుత్ అద్దాలు. అయాను గొట్టంలోంచి ముందుకీ వెనక్కీ వేలసార్లు తిరుగుతుంది. అది గొట్టంలో దూరిన ప్రతిసారీ లోహంలో చిన్న ఆవేశం కదులుతుంది. ఎంత త్వరగా తిరుగుతోందో చూస్తే, బరువును ఆవేశంతో భాగించిన అంకె వస్తుంది. కదిలిన ఆవేశం ఎంతో చూస్తే ఎన్ వస్తుంది. రెండూ గుణిస్తే ఆ ఒక్క కణం బరువు. తర్వాతి కణానికి మళ్లీ మొదటినుంచి. వేల కణాలు తూచాక ఖాళీ పెంకులు ఒక కుప్పగా, నిండువి ఒక కుప్పగా, సగం నిండినవి మధ్యలో చిన్న కుప్పగా విడిపోతాయి.

మామయ్య: కొలతలో పొరపాటు రాదా? ఆవేశం అంత చిన్నది కదా.

అమ్మాయి: అక్కడే అందం ఉంది. ఆవేశం ఎప్పుడూ పూర్ణసంఖ్యే. 151 ఉండొచ్చు, 152 ఉండొచ్చు, 151న్నర ఉండదు. అయాను ఎక్కువసేపు తిరిగి, 151.1 అని చూపించిందనుకోండి, అది 151. పొరపాటును అక్కడికక్కడే కొట్టేయొచ్చు.

మామయ్య: అంటే తూకం వదిలేసి లెక్కబెడుతున్నారన్నమాట. ఎలక్ట్రాన్ ఆవేశమే రాయి.

అమ్మాయి: మీరడిగిన రాయి అదే. 1909లో మిల్లికన్ నూనె తుంపర్లని రెండు పలకల మధ్య గాలిలో తేలేలా చేసి, ఆ రాయి విలువ కట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడైతే కట్టడం కూడా లేదు. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశం ఇంత అని ప్రపంచమంతా కలిసి ఖాయం చేసేసింది.

మామయ్య: 2019 మే 20 నాకు చెబుతావేం! అదే రోజు కిలోగ్రాము రాయిని కూడా తీసేశారు. పారిస్ పక్కన మూడు గాజు బుడ్ల కింద ప్లాటినం, ఇరిడియం కలిపిన దిమ్మ ఉండేది. దాని నకళ్లు దేశానికొకటి. మన 57వ నంబరు ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఉంది. దాని పిల్లలు, పిల్లల పిల్లలు రాష్ట్రాలకొచ్చి, అక్కణ్ణుంచి జిల్లాలకొచ్చి, చివరికి నా సంచిలోకి వచ్చాయి. నేను పటమట కిరాణా కొట్టులో పెట్టిన రాయికి వంశవృక్షం ఉంది, పారిస్ దాకా.

అమ్మాయి: ఆ వంశమూలం తేడా వచ్చిందనేగా తీసేశారు.

మామయ్య: అసలు దిమ్మకీ నకళ్లకీ మధ్య వందేళ్లలో యాభై మైక్రోగ్రాముల తేడా వచ్చింది. అసలు తగ్గిందో నకళ్లు పెరిగాయో చెప్పే దారి లేదు, ఎందుకంటే అసలే కిలో.

అమ్మాయి: యాభై మైక్రోగ్రాములు! ప్రపంచంలోని కొలతల శాస్త్రవేత్తలంతా దశాబ్దాలు తలపట్టుకున్నది, మన చట్టం ఒక్క ఘనమీటరు గాలిలో దుమ్ముకి అనుమతించే దానికంటే తక్కువ.

నిజంగానే తక్కువ. అరవైకి యాభై. ఈ లెక్క తట్టినప్పటినుంచి ఊపిరి పీల్చినప్పుడల్లా నాకు ప్లాటినం దిమ్మ గుర్తొస్తోంది.

అమ్మాయి: దిమ్మ బదులు ప్లాంక్ స్థిరాంకం వచ్చింది. ఆ మార్పుకి ముందు ఒక పక్క సిలికాన్‌తో నున్నటి కిలో గోళం చేసి, ఎక్స్‌కిరణాలతో పరమాణువుల మధ్య దూరం కొలిచి, గోళంలో ఎన్ని పరమాణువులున్నాయో తేల్చారు. అంటే కిలోని కూడా లెక్కబెట్టారు. మీ వంశవృక్షం, మా వంశవృక్షం కిందికి వెళ్తే ఒకటే.

మామయ్య: ఒకటే అనకు. కాంతితో తూచే యంత్రాలు కూడా మీ దగ్గరున్నాయన్నావు మొన్న. వాటి రాయి ఏది?

అమ్మాయి: అవి వేరు. కాంతి చెదరడం మీకు కొత్త కాదుగా. మీ ఊరి పక్క మనిషే కదా.

మామయ్య: సూరి భగవంతం గారు! ఆగిరిపల్లిలో పుట్టారు, 1909లో. రామన్ గారి దగ్గర కాంతి వెదజల్లడం మీద పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా 1940లో దానిమీదే పుస్తకం రాశారు. తర్వాత బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరయ్యారు.

అమ్మాయి: ద్రావణం కాంతిని ఎంత చెదరగొడుతుందో చూసి పెద్ద అణువు బరువు చెప్పొచ్చని డెబై 1944లో సిద్ధాంతం రాశాడు. అదీ సగటే. ఒక్కో అణువునీ కాంతితో తూచడం 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో కుకురా బృందం చూపించింది. గాజు పలక మీద ప్రోటీన్ వాలితే, అది చెదరగొట్టిన వెలుగు, గాజు నుంచి తిరిగొచ్చే వెలుగుతో కలిసి చిన్న నల్లమచ్చ పడుతుంది. మచ్చ ముదురు ఎంతో బరువు అంత. దీన్ని తెలిసిన ప్రోటీన్లతో సరిచూస్తారు. రాళ్లు అవే.

మామయ్య: ప్రోటీన్ కాకుండా డీఎన్‌ఏ వాలితే?

అమ్మాయి: అదే బరువుకి మచ్చ వేరేగా ఉంటుంది. కొవ్వుకి ఇంకోలా.

మామయ్య: అంటే సరుకు మారితే రాయి మార్చాలి. గొట్టంలో ఆవేశం లెక్కబెట్టినదానికి ఒప్పుకున్నా. దీన్ని తూకమని చెప్పను. అంచనా.

అమ్మాయి: మంచి అంచనా. పది నిమిషాల్లో సమాధానం వస్తుంది, బల్ల మీద పట్టే యంత్రం. ఎలక్ట్రాన్ లెక్కబెట్టే యంత్రం ప్రతి ల్యాబుకీ అందదు.

మామయ్య: అందదని ముద్ర వేస్తామా?

ఇక్కడ నేను అమ్మాయి పక్కనే. సీసా మంచిదో కాదో పొద్దున్నే తెలియాల్సిన మనిషికి అంచనా కూడా సాధనమే, దాని హద్దు తెలిసి వాడితే. మామయ్య ఒప్పుకోలేదు. పైగా ఫోను చేతిలోకి తీసుకుని కానూరు అంకె మీదికే మళ్లారు.

మామయ్య: ఇంత తెలిసిన దానివి, ఈ దుమ్ముని కూడా ఒక్కో కణం చొప్పున తూచొచ్చుగా?

అమ్మాయి: తూచి లాభం లేదు మామయ్యా. దుమ్ము దగ్గరికొచ్చేసరికి నేను పార్టీ మారుస్తున్నా. తూకమే తప్పు కొలత అంటాను.

మామయ్య: ఏవిటే! ఇంతసేపూ తూకం కోసమేగా కొట్లాడావు?

అమ్మాయి: నీటి సాంద్రత అనుకుంటే 2.5 మైక్రాన్ల ఉండ ఒకటి, దాదాపు 8 పికోగ్రాములు. 0.1 మైక్రాన్ ఉండలు 15,625 కలిస్తే దానితో సమానం. వెడల్పు పాతిక రెట్లు, ఘనం చేస్తే అంతే. ఘనమీటరుకి 60 మైక్రోగ్రాములూ పెద్ద ఉండలే అనుకోండి, ఒక ఘనసెంటీమీటరు గాలిలో ఏడు ఉంటాయి. అంతా చిన్నవే అనుకోండి, లక్షా పద్నాలుగు వేలు. రెండు గాలులకీ మీ ఫిల్టరు ఒకే అంకె చెబుతుంది. నిజం గాలిలో రెండూ కలిసే ఉంటాయి, కానీ బరువంతా పెద్దవాటిదే, సంఖ్యంతా చిన్నవాటిదే. నిన్న భోగి మంటల్లో లేచిన పొగలో మైక్రాను కంటే చిన్నవే ఎక్కువ. ఊపిరితిత్తుల అడుగు గదుల దాకా వెళ్లేవి ఆ చిన్నవి. వాటికి తూకంలో చోటే లేదు.

మామయ్య: చట్టం తూకమే అడుగుతోందిగా. ఎందుకంటావు? తూకం దాచుకోవచ్చు. ఫిల్టరు అల్మరాలో ఉంటుంది, అనుమానమొస్తే మళ్లీ తూచొచ్చు, కోర్టులో బల్ల మీద పెట్టొచ్చు. సంఖ్య అన్నావంటే, లెక్కబెట్టిన గాలి మళ్లీ దొరకదు.

అమ్మాయి: చట్టం సంఖ్య కూడా అడిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చిందిగా. డీజిలు కారు కిలోమీటరుకి వదిలే కణాలు 60 వేల కోట్లు దాటకూడదని అందులో ఉంది. గ్రాముల పరిమితికి తోడు, సంఖ్యకి వేరే పరిమితి.

మామయ్య: నిజంగా?

అమ్మాయి: నిజంగా. బెంజి సర్కిల్లో ఆగిన కారు పొగగొట్టంలో ఉన్నంతసేపూ కణాన్ని లెక్కబెడతారు. గొట్టం దాటి మన గాలిలో కలిసిన క్షణం నుంచి దాన్ని తూస్తారు.

పెద్దాయన నవ్వారు. ఆ నవ్వులో ఓటమి కంటే, శాఖలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి రెండు జీవోల మధ్య పొంతన లేకపోవడం దొరికినప్పుడు కలిగే ముచ్చట ఎక్కువ కనిపించింది.

మామయ్య: ఆ లెక్కబెట్టే యంత్రం కన్నేసి చూస్తుందా వాటిని? వెలుగుకే అందవుగా.

అమ్మాయి: వేడి ఆల్కహాలు ఆవిరిలోంచి పోనిచ్చి, తర్వాత చల్లబరుస్తారు. బ్యూటనాల్ వాడతారు. ఒక్కో కణం చుట్టూ ఆవిరి పేరుకుని కొన్ని మైక్రాన్ల చుక్క అవుతుంది. చుక్క లేజరును దాటినప్పుడు ఒక మెరుపు. మెరుపుకొకటి.

మామయ్య: కొన్ని చుక్కలు ఊరకపోతే?

అమ్మాయి: మరీ చిన్న కణాల దగ్గర కొన్ని తప్పుతాయి. అందుకే సరిచూడాలి. ఒక్కో కణానికి సరిగ్గా ఒక్కో ఆవేశం ఎక్కించి, సగం గాలిని ఈ యంత్రంలోకి, సగం గాలిని కరెంటు కొలిచే పాత్రలోకి పంపుతారు. పాత్రలో వచ్చిన కరెంటుని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే కణాల సంఖ్య.

మామయ్య: మళ్లీ ఆ రాయే.

అమ్మాయి: మళ్లీ అదే.

మామయ్య: అయినా నా అభ్యంతరం పోలేదు. ఊరి గాలికి సంఖ్యలో పరిమితి రాయని చట్టం చేతిలో ఉండగా, నువ్వు ఎంత బాగా లెక్కబెడితే ఎవణ్ణి పట్టుకుంటావు?

అమ్మాయి: ఏళ్ల తరబడి లెక్క పోగుపడకుండా పరిమితి ఎంతని రాస్తారు? ఫిల్టరు పంపు పక్కనే ఈ యంత్రం ఒకటి కానూరులో పెట్టి, రెండూ కలిపి నడపనివ్వండి. భోగికి ఒకలా, వరికోతలకి ఒకలా, వానల్లో ఒకలా వస్తుంది. ఏ రోజు రెండు అంకెలూ ఒకదానికొకటి ఎదురుతిరిగాయో చూస్తే చాలు.

మామయ్య: పెట్టనీ. పెట్టినరోజు నన్ను పిలవమను. దాని సర్టిఫికెట్టు తేదీ చూశాకే నీ అంకె వింటాను.